లిటిల్ స్కేటా, వింటర్ స్కేటా: 186 చేపలతో ఐదు నెలలు

సెప్టెంబరు 18 తెల్లవారుజామున నాలుగున్నరకి రోడ్ ఐలండ్‌లోని పాయింట్ జూడిత్ రేవులో పడవ ఎక్కాను. నా మాస్టర్స్ థీసిస్ స్కేట్ చేపల మీద. మన తీరంలో టేకు చేపలంటారే, ఆ వంశంలోవే ఇవి. బల్లపరుపుగా, రెండు పక్కలా రెక్కలు, వెనక సన్నటి తోక. తేడా ఏంటంటే టేకు చేపలు పిల్లల్ని కంటాయి, స్కేట్‌లు తోలు సంచి లాంటి గుడ్లు పెడతాయి. ఇక్కడి నీళ్లలో బాగా దొరికేవి లిటిల్ స్కేట్, వింటర్ స్కేట్. ఈ రెండింటి పిల్లలు ఏం తింటాయి, ఒకదాని తిండికి ఇంకొకటి పోటీ వస్తోందా అన్నది నేను చూడాలి. దానికి ముందు ఏ చేప ఏదో తేల్చాలి కదా. ఆ పనికి నా ప్లాన్‌లో రెండు వారాలు రాసుకున్నాను. ఐదు నెలలు దాటింది.

ఈ రెండింటి మీద పని మొదలుపెట్టబోయేవాళ్లకి ఉపయోగపడుతుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి రోజు చాలా ధైర్యంగా ఉన్నాను. పుస్తకాల్లో ఉన్నవన్నీ బట్టీ పట్టాను. లిటిల్ స్కేట్ పేరుకు తగ్గట్టే చిన్నది, యాభై సెంటీమీటర్లు దాటి పెద్దగా పెరగదు. వింటర్ స్కేట్ మీటరు దాకా పెరుగుతుంది. వింటర్ స్కేట్ రెక్కల మీద, వెనక వైపు, తెల్లటి అంచున్న గుండ్రటి మచ్చ ఉంటుంది. చూడ్డానికి కన్నులా ఉంటుంది. శాస్త్రీయ నామంలోని ఒసెల్లాటా అన్న మాటకి అర్థం కూడా అదే, చిన్న కన్నులు గలది అని. లిటిల్ స్కేట్‌కి ఎరినేసియా అని పేరు, అంటే ముళ్లపంది లాంటిది అని. రెండు పేర్లూ న్యూయార్క్‌కి చెందిన శామ్యూల్ మిచిల్ పెట్టినవే, ఒకటి 1815లో, ఇంకోటి 1825లో. మచ్చలుంటే వింటర్, ముళ్లుంటే లిటిల్ అనుకుని డెక్ మీద నిలబడ్డాను.

వల పైకి రాగానే డెక్ నిండా స్కేట్‌లే. అన్నీ గోధుమరంగు, అన్నీ చుక్కలు, అన్నిటికీ ముళ్లు. పడవ ఊగుతోంది, కడుపులో తిప్పుతోంది, గ్లవ్స్ జారుతున్నాయి. పడవ నడిపే పెద్దాయన ముప్పై ఏళ్లుగా ఈ చేపలే పడుతున్నాడు. ఆయన పద్ధతి తేలిక. పెద్దవి రెక్కల కోసం, చిన్నవి లాబ్‌స్టర్ బోనుల్లో ఎరగా పెట్టడానికి. ఇక్కడ వ్యాపారం కూడా అలాగే నడుస్తుంది. తినడానికి అమ్మే రెక్కలు ఎక్కువగా వింటర్ స్కేట్‌వి, ఎర ఎక్కువగా లిటిల్ స్కేట్. మరి చిన్న వింటర్ స్కేట్‌ని ఎలా గుర్తుపడతారని అడిగాను. చిన్నవాటిలో అది ఎవరికీ తెలియదన్నాడు. ఆ మాట ఆ రోజు నేను సీరియస్‌గా తీసుకోలేదు.

సాయంత్రానికి 186 చేపలకి ట్యాగ్‌లు కట్టాను. 128 లిటిల్, 58 వింటర్. పెద్ద సంచుల్లో ఐసు వేసి తెచ్చి ల్యాబ్ ఫ్రీజర్‌లో పెట్టేసరికి రాత్రి పదకొండైంది. ఆ రోజు నా చేతి నుంచి అయిన ఖర్చు రబ్బరు బూట్లకి 95 డాలర్లు, వాంతుల మాత్రలకి 11. పడవ అద్దె ప్రాజెక్టుది.

అక్టోబరు 9న కోయడం మొదలుపెట్టాను. ముందు రోజు రాత్రి పది చేపల్ని ఫ్రీజర్ నుంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టాలి, పొద్దుటికి కరుగుతాయి. తొందరపడి నీళ్లలో వేస్తే పైన మెత్తబడి లోపల రాయిలా ఉంటుంది. వాసన గురించి ఎవరూ ముందు చెప్పలేదు. సొరచేపల్లాగే వీటి కండలో కూడా యూరియా ఉంటుంది, సముద్రపు ఉప్పుని తట్టుకోవడానికి. చేప చచ్చాక అది అమ్మోనియాగా మారుతుంది. సంచి మూతి విప్పగానే కళ్లు మండి నీళ్లు కారాయి. రెండు జతల గ్లవ్స్ వేసుకున్నా ఇంటికి వెళ్లాక వేళ్లకి ఆ వాసన ఉండేది. ల్యాబ్ బట్టలకి విడిగా ఒక సంచి పెట్టుకున్నాను, విడిగా ఉతికాను. వాసన బయటికి లాగేసే ఫ్యాన్ హుడ్ దగ్గర టేబుల్ దొరికితే వదలొద్దు.

అక్టోబరు 30న మా గైడ్ వచ్చి చిన్న చేపల సంచిలోంచి పది తీసి, ట్యాగ్ చూడకుండా, తిరగేసి నోళ్లు చూశారు. పదిలో మూడు నేను తప్పు రాశాను. ఆవిడ కోప్పడలేదు. ముప్పై అయిదు సెంటీమీటర్ల లోపు వాటిని పైనుంచి చూసి చెప్పొద్దు, పళ్లు లెక్కపెట్టు అని మాత్రం అన్నారు. అప్పటికి అరవై చేపల కడుపులు విప్పి, ఏం తిన్నాయో రాసి పెట్టాను. ఆ అరవైలో ఎన్ని తప్పు పేరు కింద ఉన్నాయో తెలియదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ, "చేపలు ఉన్నాయి కదరా, పారేయలేదు కదా? మళ్లీ చూసుకో" అంది. నిజమే, ఒక్క తల కూడా పారేయలేదు. కోసిన ప్రతి చేప తలనీ నంబరుతో విడిగా దాచిన అలవాటే నన్ను కాపాడింది. మీరు కూడా కడుపు పని అయిపోయినా సరే, తల దాచండి.

పళ్ల సంగతి ఇది. స్కేట్ నోరు కింది వైపు ఉంటుంది. పై దవడ మీద పళ్లు ఈ చివర నుంచి ఆ చివర దాకా వరుసలు వరుసలుగా పేర్చి ఉంటాయి. ఒక్కో వరుస పెదవి దగ్గర మొదలై గొంతు వైపు పోతుంది. పై దవడ మీద ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టాలి. లిటిల్ స్కేట్‌కి మామూలుగా 54 లోపు. వింటర్ స్కేట్‌కి 72, ఆ పైన. ఇది చేప చిన్నదైనా పెద్దదైనా పనికొస్తుంది.

వినడానికి ఐదు నిమిషాల పని. మొదటి చేపకి నలభై నిమిషాలు పట్టింది.

ముప్పై సెంటీమీటర్ల చేప నోరు నా చిటికెన వేలంత వెడల్పు ఉంటుందేమో. అందులో డెబ్బై, ఎనభై వరుసలు. పైగా పళ్లు నిలువుగా ఒకదాని కింద ఒకటి ఉండవు, చాప అల్లికలా ఏటవాలుగా ఒకదాని సందులోకి ఇంకొకటి కూర్చుంటాయి. సూదితో ఒక వరుస మీద ఉన్నామనుకుంటాం, రెప్ప వేసేసరికి చూపు పక్క వరుసలోకి జారిపోతుంది. తడి మీద మైక్రోస్కోప్ లైటు పడి మెరుస్తుంది. అన్నిటికంటే కష్టం నోటి మూలలు. అక్కడ పళ్లు ఆవగింజలో సగం కూడా ఉండవు, పైగా చర్మం మడత కింద దాక్కుంటాయి. మూలల్లో నాలుగైదు వరుసలు రెండు వైపులా వదిలేశామంటే పది వరుసలు తగ్గిపోతాయి.

నేను నేర్చుకున్న పద్ధతి చెప్తాను. చేపని వెల్లకిలా పెట్టి, నోటి రెండు మూలలూ చిన్న కత్తెరతో అర సెంటీమీటరు కోసి, దవడని పిన్నులతో మైనం పళ్లెం మీద సాగదీసి గుచ్చాలి. టిష్యూతో అద్ది, తర్వాత రెండు నిమిషాలు గాలికి ఆరనివ్వాలి. లైటు పైనుంచి కాకుండా పక్కనుంచి కొట్టాలి, అప్పుడు ప్రతి పంటికీ చిన్న నీడ పడుతుంది. ఆ తర్వాత లెక్కపెట్టకుండా ఫోటో తీయాలి. కంప్యూటర్‌లో ఫోటో పెద్దది చేసి, ఒక్కో వరుస మీద ఒక్కో చుక్క పెట్టుకుంటూ పోవాలి. చుక్క పెట్టిన వరుస మళ్లీ లెక్కలోకి రాదు, జారిపోదు. ఇది తట్టడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. అప్పటిదాకా ఆరు డాలర్లు పెట్టి కొన్న లెక్క మిషన్, నొక్కినప్పుడల్లా ఒక అంకె పెరిగేది, చేత్తో నొక్కుతూ కూర్చున్నాను. ఫోటో పద్ధతిలో చేపకి పన్నెండు నిమిషాలు. పైగా గైడ్ అడిగితే చూపించడానికి రుజువు ఉంటుంది.

పెద్దవాటితో ఇంత బాధ లేదు. నా 186లో 31 చేపలు అరవై సెంటీమీటర్లు దాటాయి. లిటిల్ స్కేట్ అంత పెరగదు కాబట్టి వాటికి పళ్లు చూడకపోయినా పర్వాలేదు. 35 నుంచి 60 మధ్యలో 61 ఉన్నాయి. వీటిలో మగవాటికి ఒక మంచి గుర్తు దొరికింది. మగ స్కేట్‌కి తోక మొదట్లో రెండు పక్కలా క్లాస్పర్లు ఉంటాయి, ఆడదానితో కలవడానికి. ఎదిగిన మగవాటిలో అవి పొడుగ్గా, వేలితో నొక్కితే పుల్లలా గట్టిగా ఉంటాయి. ఎదగనివాటిలో పొట్టిగా, మెత్తగా ఉంటాయి. నలభై ఆరు సెంటీమీటర్ల చేపకి క్లాస్పర్లు గట్టిగా ఉన్నాయంటే అది లిటిల్ స్కేట్. వింటర్ స్కేట్ ఆ సైజులో ఇంకా పిల్లే. అది డెబ్బై సెంటీమీటర్లు దాటాక గానీ ఎదగదు, ఆడది గుడ్డు పెట్టడానికి పదకొండేళ్ల దాకా పడుతుంది. ఈ ఒక్క గుర్తుతో రెండు ట్యాగ్‌లు సరిచేశాను. సైజు చూసి రెండింటినీ వింటర్ అని రాసేశాను.

మిగిలిన 94 చేపలు అసలు పరీక్ష. నవంబరు అంతా వాటితోనే గడిచింది.

57వ నంబరు చేప గురించి చెప్పాలి. 31 సెంటీమీటర్లు, ఆడది. డెక్ మీద దీన్ని చూసి ఎంత సంతోషపడ్డానో గుర్తుంది. కుడి రెక్క మీద తెల్లటి అంచుతో గుండ్రటి మచ్చ, పుస్తకంలో బొమ్మలా ఉంది. ట్యాగ్ మీద వింటర్ అని రాసి పక్కన రెండు గీతలు కూడా పెట్టాను, ఖాయం అని. నవంబరు 14న పళ్లు లెక్కపెడితే 49. మళ్లీ పెట్టాను, 50. ఫోటోలో మా గైడ్ పెట్టారు, 49. చేపని బోర్లా తిప్పి ఆ మచ్చని మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే అది మచ్చ కాదు, చర్మం గీరుకుపోయిన గాయం. వల తాడుకి రాసుకుని ఉంటుంది. అంచున రంగు పోయి తెల్లబడింది. ఎడమ రెక్క మీద ఏమీ లేదు. డెక్ మీద నేను ఎడమ రెక్క చూడనే లేదు.

దీనికి తిరగబడ్డవి ఎక్కువ. ఏ మచ్చా లేదని లిటిల్ అని రాసిన చిన్న చేపల్లో 17కి పళ్ల వరుసలు 80, 85, 91 ఇలా వచ్చాయి. వింటర్ స్కేట్ అన్నిటికీ కన్నుమచ్చ ఉండి తీరాలని లేదు, చాలావాటికి ఉండదు. పుస్తకాల్లో ఇది రాసే ఉంది, "తరచుగా" అన్న ఒక్క మాటలో. ఆ మాటని నేను చదివి దాటేశాను. ఇంకో గుర్తు కూడా ఉంది. వింటర్ స్కేట్ ముక్కుకి రెండు పక్కలా, కళ్లకి ముందు, చర్మం కాస్త పారదర్శకంగా ఉంటుంది, వెలుతురుకి అడ్డం పెట్టి చూస్తే తెలుస్తుంది. తాజా చేపలో బాగుంటుంది. ఫ్రీజర్‌లో నెల రోజులున్న నా చేపలన్నిటికీ ఆ భాగం ఒకేలా మసకబారింది, నాకు ఉపయోగపడలేదు. దాన్ని చూడాలంటే డెక్ మీదే చూడాలి.

డిసెంబరు 4కి 87 తేలాయి. ఏడు తేలలేదు. నాలుగింటికి ట్రాల్ వలలో, అంటే పడవ వెనక ఈడ్చే వలలో, నోరు నలిగిపోయింది. రెండింటికి నేనే కత్తెర వంకరగా పెట్టి మూల తెగ్గొట్టాను. 112వ నంబరుకి మాత్రం నోరు బాగానే ఉంది గానీ లెక్క కుదరలేదు. ఒకసారి 58, ఒకసారి 66, ఇంకోసారి 71. మూల మడత విప్పుతుంటే పళ్లు రాలిపోతున్నాయి. మూడు రోజులు దాని మీదే కూర్చున్నాను. 71 వచ్చింది కదా, వింటర్ అని రాసేస్తే అయిపోతుంది కదా అని చాలాసార్లు అనిపించింది. పక్క ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న తెలుగు అక్క నా మొహం చూసి, "ఎంత వచ్చిందో అంతే రాసి పెట్టమ్మా, మూడు లెక్కలూ రాయి. తేలనిది తేలలేదనే రాయాలి" అంది. షీట్‌లో "తేలలేదు" అని రాస్తుంటే నిజంగా చెయ్యి ఆడలేదు. నెలన్నర పని చేసి ఆ మాట రాయడం అంత కష్టంగా ఉంటుందని అనుకోలేదు.

ఆ ఏడింటికి డీఎన్ఏ పరీక్ష చేయించమని గైడ్ చెప్పారు. బియ్యపు గింజంత కండ ముక్క తీసి ఇథనాల్‌లో వేసి, సీక్వెన్సింగ్ చేసే చోటికి పంపాలి. ఒక్కో శాంపిల్‌కి 18 డాలర్లు, ఏడింటికి 126. డిసెంబరు 11న కొరియర్‌లో ఇచ్చాను, 15న పెట్టె నాకే తిరిగొచ్చింది. ఇథనాల్ మండే ద్రవం, మామూలు పార్శిల్‌లో ఒప్పుకోరట. ఇచ్చేటప్పుడు అక్కడివాళ్లు ఏమీ అనలేదు, 32 డాలర్లు మాత్రం పోయాయి. అది నా జేబులోంచి ఇచ్చినవే. ఆ నాలుగు రోజులూ ముక్కలున్న చిన్న సీసాలు, అదే వయళ్లు, ఎక్కడెక్కడ తిరిగాయో, అవి పాడయ్యాయేమో అని ఒకటే టెన్షన్. తర్వాత తెలిసింది, ముక్కలు బాగా నానాక ఇథనాల్ వంపేసి, తడి మాత్రం ఉంచి పంపుతారని. వంపే ముందు అవతలివాళ్లనీ, మీ సేఫ్టీ ఆఫీసునీ అడిగి చేయండి. ఈలోగా క్రిస్మస్ సెలవులు వచ్చాయి. మళ్లీ పంపింది జనవరి 8న.

మూడు వారాలన్నారు. ఏడు వారాలైంది. ఫిబ్రవరి 26న మెయిల్ వచ్చింది. అది తెరిచే ముందు కాసేపు లేచి నడిచాను. ఏడులో ఐదింటికి ఫలితం వచ్చింది, మూడు లిటిల్, రెండు వింటర్. 112 వింటర్ స్కేట్. రెండు చేపలకి డీఎన్ఏ సరిగా రాలేదు, కండ పాడైందన్నారు. నా షీట్ వెనక్కి వెతికితే ఆ రెండూ రెండుసార్లు కరిగి మళ్లీ గడ్డకట్టినవి. ఒక శుక్రవారం తీసి, కోయడానికి టైం లేక, తిరిగి ఫ్రీజర్‌లో పెట్టాను. డెక్ మీదే కండ ముక్క తీసి వయల్‌లో వేసుంటే ఈ సమస్యే వచ్చేది కాదు. ఒక చేపకి అర నిమిషం పని.

చివరికి లెక్క ఇలా తేలింది. 115 లిటిల్, 69 వింటర్, 2 తేలలేదు. మొదట రాసిన ట్యాగుల్లో 23 మారాయి, వాటిలో 21 చిన్న చేపలవే. కడుపుల డేటా కూడా మార్చాను. అక్టోబరులో చూసిన చేపల్లో "లిటిల్ స్కేట్ పిల్లలు అన్నీ తింటాయి, తేడా లేదు" అన్నట్టు కనిపించిన పట్టిక, పేర్లు సరిచేశాక రెండు వేర్వేరు పట్టికలయింది. ఆ రోజు చాలాసేపు స్క్రీన్ వైపు చూస్తూ కూర్చున్నాను. రెండు జాతుల్నీ ఒకే పేరు కింద కలిపేసి, వాటి మధ్య తేడా లేదని రాయబోయాను.

మసాచుసెట్స్‌లోని వుడ్స్ హోల్ నుంచి ప్రభుత్వ శాస్త్రవేత్తలు 1963 నుంచి దాదాపు ప్రతి శరదృతువులోనూ ట్రాల్ వేసి చేపల్ని లెక్కపెడుతున్నారు. ఆ పట్టికల్లో లిటిల్‌కి ఒక వరుస, వింటర్‌కి ఒక వరుస ఉంటుంది. ఇదివరకు వాటిని మామూలుగా చూసేదాన్ని. ఇప్పుడు చిన్న సైజు గళ్లు చూసినప్పుడల్లా ఊగే డెక్ మీద తడి చేతులతో ఆ చేపని తిప్పి చూసిన మనిషి గుర్తొస్తారు.

నా చేతి నుంచి అయిన మొత్తం 171 డాలర్లు, అందులో కొరియర్‌కి పోయినవీ, మాత్రలూ, బూట్లూ, లెక్క మిషనూ, రెండో జత గ్లవ్స్ డబ్బాలూ అన్నీ కలిపి. మిగతాది ప్రాజెక్టు భరించింది.

మొన్న మే 6న రెండో ట్రిప్‌కి వెళ్లాను. అదే పడవ, అదే పెద్దాయన. ఈసారి నా దగ్గర మూడు బుట్టలున్నాయి. అరవై దాటినవి ఒకదాంట్లో, మధ్యవి క్లాస్పర్లు నొక్కి చూసి ఒకదాంట్లో, ముప్పై అయిదు లోపువి ఒకదాంట్లో. మూడో బుట్ట మీద ఏ పేరూ రాయలేదు. చేప చేతికి రాగానే వెలుతురుకి అడ్డం పెట్టి ముక్కు చూశాను, ఫోటో తీశాను, రెక్క అంచు నుంచి చిన్న ముక్క కోసి వయల్‌లో వేశాను, నంబరు రాశాను. పెద్దాయన ఒక చిన్నదాన్ని తోక పట్టుకుని పైకెత్తి, ఇది ఏదంటావు అని అడిగాడు. రెండు రెక్కలూ చూశాను, మచ్చ లేదు. జూన్‌లో చెప్తానన్నాను. ఆయన తలూపి దాన్ని మూడో బుట్టలో వేశాడు.